జమ, ఖర్చు, లాటిన్

మా ఊళ్ళో ఎవరి వ్యాపారమైనా దెబ్బతింటే "పాపరైపోయాడు" అనేవాళ్ళు. చిన్నప్పుడు ఆ మాట "పాపం" లోంచి పుట్టిందనుకునేవాణ్ణి. పాపం చేశాడు కాబట్టి పాపరు, లేదంటే చూస్తే పాపం అనిపిస్తాడు కాబట్టి పాపరు. ఎలా చూసినా సరిపోయేది. అది లాటిన్ మాట అని తెలిసేసరికి నాకు ఇరవై దాటాయి. "ఇన్ ఫార్మా పాపరిస్", పేదవాడి రూపంలో అని అర్థం. కోర్టు ఫీజు కట్టుకోలేనివాడు ఆ పేరు మీద దావా వేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డరు ఉన్నది అందుకే. 1976 సవరణలో పాపర్ అనే మాట కొట్టేసి "ఇండిజెంట్ పర్సన్" అని పెట్టారు. చట్టంలోంచి కొట్టేశారు సరే, మా వాళ్ళ నోళ్ళలోంచి ఎవరు కొట్టేస్తారు? దానికి దివాలా అనే అర్థం కూడా తగిలించుకుని ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

1984లో ఆంధ్రా యూనివర్సిటీలో లా చదవడానికి విశాఖ వెళ్ళాను. అప్పటిదాకా నాకు తెలిసిన లాటిన్ అల్లా ఎట్సెట్రా, గడియారంలో ఏ.ఎం., పి.ఎం. వాటిని కూడా ఇంగ్లీషే అనుకున్నాను. క్లాసులు మొదలైన నెలలోపే అర్థమైంది, ఈ చదువులో సెక్షన్లు ఎంత ఉన్నాయో లాటిన్ సూక్తులూ అంతే ఉన్నాయని. పరీక్షల ముందు హాస్టల్ డాబా మీద అంత్యాక్షరి ఆడినట్టు ఆడేవాళ్ళం. ఒకడు లాటిన్ అందుకుంటే ఇంకొకడు ఇంగ్లీషు అర్థం చెప్పాలి. "యూబీ జుస్ ఇబీ రెమెడియం!" "వేర్ దేరీజ్ ఎ రైట్, దేరీజ్ ఎ రెమెడీ!" అని అరుస్తుంటే కింద గదిలో సైన్సు వాళ్ళు తలుపులేసుకునేవాళ్ళు.

నా దగ్గర వీటికో పుస్తకం ఉండేది. మా నాన్నది కిరాణా కొట్టు. ఆయన కొన్న చిట్టా పుస్తకాల్లో వాడనిది ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఎర్ర గుడ్డ అట్ట, పేజీకి మూడు గళ్ళు: వివరం, జమ, ఖర్చు. వివరం కింద లాటిన్ రాసేవాణ్ణి, జమ కింద ఇంగ్లీషు అర్థం. ఖర్చు గడిలో రాయడానికి ఏమీ ఉండేది కాదు. చదువు పూర్తయ్యేసరికి రెండు వందలకు పైగా చేరాయి. అన్నీ నోటికి వచ్చు. వాటితో ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

1987లో హైదరాబాద్ వెళ్ళి బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని వచ్చి రాజమండ్రిలో ఒక సీనియర్ దగ్గర చేరాను. గురువుగారు అనే రాస్తాను, పేరు రాస్తే ఆయనకి నచ్చదు. వీధి గదిలో ఆఫీసు. నాలుగు బీరువాల లా పుస్తకాలు, ఒక పెద్ద బల్ల, క్లయింట్లకి చెక్క బెంచీలు. మూల చాప మీద గుమాస్తాగారు. ఆయన్ని నేను బాబాయిగారూ అనేవాణ్ణి. ఎనిమిదో క్లాసు చదివారు, ముప్పై ఏళ్ళుగా అదే చాప. ప్లెయింటులో ఏ పేరా దగ్గర అభ్యంతరం వస్తుందో కాగితం ముట్టుకోకుండానే చెప్పేవారు.

చేరిన రెండో వారం. కోనసీమ నుంచి ఒక రైతు ప్రోనోటు పట్టుకొచ్చాడు. బావమరిదికి ఇచ్చిన అప్పు. తారీఖు చూస్తే మూడేళ్ళు దాటి పదకొండు రోజులు. ప్రోనోటు బాకీకి దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళే. మధ్యలో ఎంతో కొంత జమ చేయించి నోటు వెనక చెల్లు రాయించుకుని ఉంటే గడువు మళ్ళీ మొదలయ్యేది. బావమరిదిని సంతకం అడగడానికి మొహమాటపడ్డాడట. గురువుగారు నా వైపు చూశారు, నువ్వు చెప్పు అన్నట్టు. ఇదే అదను అనుకుని గొంతు సవరించుకున్నాను.

"విజిలాంటిబుస్ నాన్ డార్మియెంటిబుస్ జ్యూరా సబ్‌వెనియంట్. ది లా అసిస్ట్స్ ది విజిలెంట్..."

రైతు నన్ను చూశాడు, గురువుగారిని చూశాడు. "అబ్బాయిగారు ఏమంటన్నారండీ?"

"ఆలస్యం అమృతం విషం అంటున్నాడయ్యా," అన్నారు గురువుగారు.

అంతే. ఆ మనిషి ఇంకేమీ అడగలేదు. నోటు మడిచి జేబులో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత గురువుగారు ఆయనకి మజ్జిగ తెప్పించి, బావమరిదిని ఒకసారి తన దగ్గరకి తీసుకురమ్మన్నారు. అది వేరే కథ.

సాయంత్రం నా పుస్తకం చూపించమన్నారు. పేజీలు తిప్పుతూ నవ్వారు. "జమ బ్రహ్మాండంగా ఉందోయ్. ఖర్చు గడి ఖాళీగా ఉందేం? దాచుకుంటున్నావా?"

నాకు అర్థం కాలేదు. "చెక్క బెంచీ మీద కూర్చున్నవాడికి నువ్వు ఏ మాట చెప్పగలవో అది ఆ గడిలో రాయి. అప్పుడు నీ దగ్గరున్నది ఖర్చు పెట్టినట్టు," అన్నారు.

ఆ రోజు నుంచి ఆ పని నాకంటే బాబాయిగారికే ఎక్కువ సరదా అయింది. సాయంత్రం ఆరయ్యేసరికి "బాబూ, ఇవాళ్టిది చెప్పండి" అనేవారు. నేను లాటిన్ చదివి ఇంగ్లీషు అర్థం తెలుగులో విప్పి చెప్పాలి. ఆయన చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి తల గోక్కుని సామెత ఒకటి బయటికి లాగేవారు. "వెర్బా వొలాంట్, స్క్రిప్టా మానెంట్", మాటలు ఎగిరిపోతాయి, రాతలు నిలుస్తాయి అన్నాను. వాక్యం పూర్తి కాకుండానే "నోటిమాట నీటిమూట" అనేశారు. టెరెన్స్ అనే రోమన్ నాటక రచయిత రాసిన "క్వోట్ హోమినెస్, టోట్ సెంటెన్షియే", ఎందరు మనుషులో అన్ని అభిప్రాయాలు అన్నదానికి "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి". ఇందులో జిహ్వకో రుచి మనవాళ్ళు కొసరు వేశారు. కూర ప్రస్తావన లేకుండా మనకి మాట పూర్తి కాదు.

ఒక్కోసారి పోలిక చూస్తే ఒళ్ళు జలదరించేది. హోరెస్ అనే రోమన్ కవిది ఒక వాక్యం ఉంది, కొండలు పురిటి నొప్పులు పడతాయి, పుట్టేది నవ్వొచ్చే చిట్టెలుక అని. గొప్పగా మొదలుపెట్టి చతికిలపడే కవుల్ని వెక్కిరిస్తూ రాశాడు. నేను చెప్పగానే బాబాయిగారు పెన్సిల్ కింద పెట్టేశారు. "కొండను తవ్వి ఎలుకను పట్టడం! మనది వాళ్ళకెలా తెలిసిందండీ?" ఎవరిది ఎవరికి తెలిసిందో నాకేం తెలుసు. వాళ్ళ కొండ నొప్పులు పడింది, మనవాళ్ళు చెమటోడ్చి తవ్వారు, ఎలుక మాత్రం అదే.

"ఫెస్టినా లెంటే", నెమ్మదిగా తొందరపడు. అగస్టస్ చక్రవర్తికి ఇష్టమైన మాట అంటారు. ఇంకేముంది, నిదానమే ప్రధానం. ఇందులో తమాషా ఏమిటంటే, సుటోనియస్ రాసిన చరిత్ర ప్రకారం అగస్టస్ ఆ మాట గ్రీకులో అనేవాడట. అంటే నేను వివరం కింద రాసుకున్న లాటిన్ కూడా ఒకరి ఖర్చు గడేనన్నమాట.

కొన్నింట్లో మన మాటే బలంగా ఉందని నా నమ్మకం. "నెమో డాట్ క్వోడ్ నాన్ హబెట్", తనది కానిదాన్ని ఎవడూ ఇవ్వలేడు. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం, 27వ సెక్షను దీని మీదే నిలబడింది. అన్నదమ్ముల ఉమ్మడి పొలం మొత్తాన్నీ ఒకడే రాసేసిన కేసు మా దగ్గర ఉండేది. గురువుగారు కోర్టులో లాటిన్ చెప్పారు, ఇంటికొచ్చి క్లయింటుతో "అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడయ్యా" అన్నారు. లాటిన్‌లో అత్తా లేదు, అల్లుడూ లేదు, ఆ దెప్పిపొడుపూ లేదు.

"క్వి టాచెట్ కన్సెంటీరే విడేటుర్", మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టే. దీనికి మౌనం అర్ధాంగీకారం అని ఎవరైనా చెప్తారు. గురువుగారు ఒప్పుకోలేదు. "వాళ్ళది పూర్తి అంగీకారం, మనది సగమే. మిగతా సగం పిల్ల చేతిలో ఉంది" అన్నారు. ఆ వేళ ఆయనే థామస్ మోర్ అనే ఇంగ్లీషు లాయరు కథ చెప్పారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తనను మత పెద్దగా ఒప్పుకుంటూ ప్రమాణం చెయ్యమంటే మోర్ నోరు విప్పలేదు. 1535లో విచారణ జరిగితే, మౌనాన్ని చట్టం అంగీకారంగానే చూస్తుంది కదా, నా మీద నేరం ఎలా మోపుతారు అని ఇదే సూత్రం ఎత్తాడట. తల మాత్రం దక్కలేదు. సూత్రం తెలిసినంత మాత్రాన కేసు గెలవలేమని అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. నేను కోర్టులో అర్థం చేసుకున్నాను.

"కేవియట్ ఎంప్టార్"కి చాలా రోజులు ఏమీ దొరకలేదు. కొనేవాడే జాగ్రత్త పడాలి. ఒకరోజు బాబాయిగారు సంతలో ఎడ్లు కొనడానికి వెళ్ళొచ్చి, చెప్పులు విప్పకుండానే పుస్తకం అడిగి పెన్సిల్‌తో రాశారు: "పళ్ళు పట్టి చూసుకో." ఎద్దు వయసు అమ్మేవాడి నోట్లో ఉండదు, ఎద్దు నోట్లో ఉంటుంది. ఆ మాటలోని కేవియటే మా కోర్టుల్లో రోజూ వేసే కేవియట్ కూడా. అవతలివాడు మనకి తెలియకుండా స్టే తెచ్చుకోకుండా ముందే వేసుకునే కాగితం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఏ సెక్షను, తొంభై రోజులు పనిచేస్తుంది. "రేపే ఓ కేవియట్ పడేద్దామండీ" అనే ప్రతివాది ఎవడికీ తను లాటిన్ మాట్లాడుతున్నానని తెలియదు. అఫిడవిట్, అలిబీ, సూమోటో, సైనీ డై, అన్నీ అంతే. సైనీ డై అంటే రోజు లేకుండా. తారీఖు వెయ్యని వాయిదా.

ఇక నా పరువు పోయిన కథ. క్రిమినల్ కేసు, పొలం గట్టు దగ్గర కొట్లాట. సాక్షి ఒకాయన, కొట్లాట చూశానన్న మాట నిజమే కానీ, తన చేతిలో కర్ర లేదని అబద్ధమాడాడు. నేను అది బయటపెట్టాను. అక్కడితో కూర్చుంటే పోయేది. కూర్చోకుండా ఆవేశంగా "ఫాల్సుస్ ఇన్ యూనో, ఫాల్సుస్ ఇన్ ఆమ్నిబుస్!" అన్నాను. ఒక్కదాంట్లో అబద్ధమాడినవాడు అన్నింట్లో అబద్ధమాడినట్టే, ఈయన సాక్ష్యం మొత్తం కొట్టెయ్యండి అని. మేజిస్ట్రేటుగారు కళ్ళద్దాల మీంచి చూశారు.

"మీది వ్యవసాయ కుటుంబమేనా?"

"కిరాణా కొట్టండి."

"అదీ సంగతి. ఈ సూత్రం మన దేశంలో చెల్లదండీ. 1957లో నిసార్ అలీ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. గింజ వేరు, పొల్లు వేరు చేసుకోవాలి. తూర్పారబట్టడం చూశారా ఎప్పుడైనా?"

హాల్లో అందరూ నవ్వారు. మా క్లయింటు కూడా నవ్వాడు. సాయంత్రం పుస్తకం తీస్తే ఆ వరుసలో ఖర్చు గడి అప్పటికే నిండి ఉంది. గురువుగారి చేతిరాత: "తూర్పారబట్టు. ఇంకెప్పుడూ వాడకు."

ఆ దెబ్బకి కోర్టులో నేను లాటిన్ ఎత్తింది చాలా తక్కువ. ఒకసారి "రెస్ ఇప్సా లోక్విటుర్" మాత్రం ఎత్తాను, జరిగిన సంగతే మాట్లాడుతుంది అని. 1863లో లివర్‌పూల్‌లో ఒకాయన వీధిలో నడిచి వెళ్తుంటే పిండి కొట్టు పైనుంచి పీపా వచ్చి మీద పడింది. ఎవరి నిర్లక్ష్యమో నువ్వే రుజువు చెయ్యి అంటే, పీపాలు వాటంతటవి పైనుంచి దూకవు కదా అన్నారు జడ్జిగారు. మన దగ్గర ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం స్తంభం కూలి మనుషులు పోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. బాబాయిగారు దీనికి పెద్దగా ఆలోచించలేదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని రాసి, అంత బాగా రాలేదని ఆయనే గొణుక్కున్నారు. నిజమే, బాగా రాలేదు.

ఉచ్చారణ సంగతి ఒకటి ఉంది. కోర్టు బయట చెట్టు కింద టైపిస్టు ఒకాయన ఉండేవారు, గుంటూరు వైపు ఫిరంగిపురం మనిషి. నేను అఫిడవిట్ చదువుతుంటే ఆయన టైపు ఆపి, "మీ లాటిన్ మా లాటిన్‌లా లేదు సార్" అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ కాథలిక్ గుడిలో పూజ జరుగుతుంటే ఫాదర్‌గారి పక్కన నిలబడి జవాబులు చెప్పేవారట. అప్పట్లో పూజంతా లాటిన్‌లోనే. కాథలిక్ మత పెద్దల రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 65 దాకా జరిగి, ఆ తర్వాతే తెలుగు వచ్చింది. "ఫాదర్ డోమినుస్ వోబిస్కుం అంటారు. మేం ఎట్ కుం స్పీరితూ తూవో అనాలి. తప్పితే చెవి మెలిపెట్టేవారు." అర్థం తెలుసా అంటే నవ్వారు. "మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు సార్, మొత్తం పూజ నోటికి వచ్చు. అర్థమెందుకు, దేవుడికి తెలుసు కదా అనేది." ఆమె చిట్టాలో జమ గడి కూడా అక్కర్లేకపోయింది. వాయిదా దొరికిన రోజున ఆ టైపిస్టుగారు మా క్లయింట్లకి వినబడేలా "దేయో గ్రాసియాస్" అనేవారు. దేవుడికి స్తోత్రం అని. క్లయింట్లు అది కూడా ఏదో సెక్షనే అనుకునేవాళ్ళు.

బాబాయిగారికి ఒకే ఒక్క సూత్రం దగ్గర సామెత తట్టలేదు. ఒక సొసైటీలో పాతికేళ్ళు పనిచేసిన ఆయన్ని నోటీసు లేకుండా తీసేశారు. ఆయన మా బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. గురువుగారు ధైర్యం చెప్తూ "ఆడి ఆల్టెరం పార్టెం" గురించి చెప్పారు, అవతలివాడి మాట కూడా విను అని. కేంబ్రిడ్జి యూనివర్సిటీ బెంట్లీ అనే పండితుడి డిగ్రీలు ఆయన్ని పిలవకుండానే పీకేస్తే, 1723లో కోర్టులో ఒక జడ్జి అన్నారట, దేవుడంతటివాడు కూడా ఆదాముని తోటలోంచి వెళ్ళగొట్టే ముందు "ఆదామూ, ఎక్కడున్నావు? ఆ పండు తిన్నావా?" అని అడిగాడు కదా అని. బెంట్లీకి డిగ్రీలు తిరిగొచ్చాయి. "నీ ఉద్యోగమూ వస్తుంది, ఊరుకో" అన్నారు గురువుగారు.

చాప మీంచి బాబాయిగారు నెమ్మదిగా అడిగారు. "మరి సీతమ్మని అడవికి పంపినప్పుడు ఎవరు నోటీసిచ్చారండీ?"

ఎవరూ మాట్లాడలేదు. ఏడుస్తున్నాయన కూడా ఏడుపు ఆపి గురువుగారి వైపు చూశాడు. గురువుగారికి రాముడంటే ప్రాణం, ఏటా నవమికి ఇంట్లో పందిరి వేసి పానకం పంచేవారు. చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దారు. చివరికి నాతో, "ఆ గడిలో ఆయన ప్రశ్నే రాయించు. జవాబు సైనీ డై," అన్నారు. బాబాయిగారు పెన్సిల్‌తో రాశారు. తప్పుల్లేకుండా, చివర పెద్ద ప్రశ్నార్థకంతో.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ముందు బాబాయిగారు, నాలుగేళ్ళకి గురువుగారు. బీరువాలు నాకొచ్చాయి, చెక్క బెంచీలు కూడా. ఇప్పుడు జూనియర్లు సూత్రం కావాలంటే ఫోన్లో చూసుకుంటారు, లాటిన్, ఇంగ్లీషు రెండూ వస్తాయి. పుస్తకం చూపిస్తే ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు.

ఈ మధ్య మా అమ్మాయి కాలేజీ పుస్తకాల్లో సెనెకా రాసిన మెడియా నాటకం ఇంగ్లీషులో కనిపిస్తే ఊరికే తిరగేశాను. మెడియా మొగుణ్ణి నమ్ముకుని పుట్టిన దేశం వదిలి వచ్చినావిడ. అతను రాజు కూతుర్ని చేసుకోబోతున్నాడు. రాజు క్రెయోన్ ఈవిడని దేశం విడిచి పొమ్మన్నాడు. అప్పుడు ఆవిడ అంటుంది, రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పినవాడు, ఆ తీర్పు న్యాయమైనదే అయినా, న్యాయం చేసినవాడు కాడు అని. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. ముప్పై ఏళ్ళకు పైగా నేను పఠించిన సూత్రం, రెండు వేల ఏళ్ళ కిందట, వెళ్ళగొడుతున్న ఆడమనిషి రాజు మొహం మీద అడిగింది. క్రెయోన్ కూడా తక్కువవాడు కాదు. నువ్వు పెలియాస్ రాజుని చంపించే ముందు అతని మాట విన్నావా అని ఎదురు తిరుగుతాడు. తిరిగి, సరే చెప్పు, నీ వాదనా వింటాను అంటాడు.

వెంటనే చెప్పాలనిపించిన మనిషి చాప మీద లేరు. బీరువాలోంచి చిట్టా తీశాను. ఎర్ర గుడ్డ చివర్లు పోగులు ఊడాయి. ఆ పేజీలో పెన్సిల్ రాత దాదాపు పోయింది, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే గానీ కనపడలేదు. పెన్ను తీసి, బాబాయిగారి అక్షరాల మీద నుంచే, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ ఆ ప్రశ్న మళ్ళీ రాశాను.